జింక్ ఆక్సైడ్ నానో పొడి బ్యాక్టీరియాను నిజంగా చంపిందా? ల్యాబ్‌లో తేల్చుకునే పద్ధతి

నేను పీహెచ్‌డీలో చేరిన మొదటి ఏడాది, స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా పెంచిన ప్లేటు మీద 18 మి.మీ. జోన్ (బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం) వచ్చింది. ప్లేటు పట్టుకుని మా సార్ గదికి పరుగెత్తాను. ఆయన ప్లేటు చూసి, "అమ్మా, పొడి కలిపిన నీళ్ల పీహెచ్ చూశావా?" అని ఒక్క మాట అడిగారు. చూడలేదు. వచ్చి పీహెచ్ పేపర్ ముంచితే ముదురు నీలం. సరిగ్గా కడగని పొడిలో మిగిలిపోయిన సోడియం హైడ్రాక్సైడ్ అది. పొడిని సెంట్రిఫ్యూజ్‌లో అడుక్కి దించి, పైన తేరిన నీళ్లు మాత్రమే వెల్‌లో (ప్లేటులో చేసిన చిన్న గుంటలో) పోసి చూశాను. దాదాపు అంతే జోన్ వచ్చింది. అంటే ఆ బ్యాక్టీరియాను చంపింది నా నానో కణాలు కాదు, క్షారం. ఇప్పుడు ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు వచ్చే పిల్లలకు పని నేర్పేటప్పుడు నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

పొడి తయారీకి 2.195 గ్రాముల జింక్ అసిటేట్ డైహైడ్రేట్‌ను 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే 0.1 మోలార్ ద్రావణం వస్తుంది. మాగ్నెటిక్ స్టిర్రర్ మీద తిరుగుతుండగా సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని చుక్క చుక్కగా వేస్తూ, పీహెచ్ 10 దగ్గరికి వచ్చాక ఆపండి. ద్రావణం పాలలా తెల్లబడుతుంది. ఇక కడగడం. మూడుసార్లు కడిగామని లెక్క పెట్టుకోవద్దు. కడిగిన నీళ్ల పీహెచ్ 7కి వచ్చేదాకా కడగాలి, అది ఏడుసార్లయినా సరే. 80 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టి, మఫుల్ ఫర్నేస్‌లో 400 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచండి. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటికాన్ని గుర్తించే పరీక్షలో) 31.8, 34.4, 36.3 డిగ్రీల దగ్గర మూడు పీకులు కనబడితే అది జింక్ ఆక్సైడే. పొడి తూచేటప్పుడు మాస్క్ తప్పనిసరి. ఇంత సన్నని పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

వేపాకు, తులసి రసంతో "గ్రీన్" పద్ధతిలో చేసేవాళ్లు ఆ రసాన్ని విడిగా కూడా పరీక్షించాలి. లేకపోతే చంపింది ఆకా, ఆక్సైడా అన్నది ఎప్పటికీ తేలదు.

ప్లేటు పరీక్షకు ముల్లర్ హింటన్ అగర్ (బ్యాక్టీరియా పెరిగే జెల్లీ లాంటి ఆహారం) వాడండి. 90 మి.మీ. ప్లేటులో 25 మి.లీ. పోస్తే 4 మి.మీ. మందం వస్తుంది. కల్చర్‌ను (పెంచిన బ్యాక్టీరియాను) సెలైన్‌లో కలిపి 0.5 మెక్‌ఫార్లాండ్ అనే ప్రామాణిక మసక స్థాయికి తేవాలి. నల్ల గీతలున్న తెల్ల కార్డు ముందు కల్చర్ ట్యూబు, మెక్‌ఫార్లాండ్ ప్రమాణపు ట్యూబు రెండూ పక్కపక్కన పట్టుకోండి. గీతలు రెండింటిలోనూ ఒకేలా మసకగా కనబడాలి. అప్పుడు మిల్లీలీటరుకు సుమారు 15 కోట్ల బ్యాక్టీరియా కణాలున్నట్టు లెక్క. 15 నిమిషాల్లోపు స్వాబ్ ముంచి, ట్యూబు గోడకు నొక్కి పిండి, ప్లేటును 60 డిగ్రీల చొప్పున తిప్పుతూ మూడుసార్లు రాయండి. కార్క్ బోరర్‌తో 6 మి.మీ. వెల్స్ చేశాక, అడుగున ఒక చుక్క కరిగిన అగర్ వేయండి. అది వేయకపోతే ద్రావణం అగర్ కిందకి జారిపోయి జోన్ వంకరగా వస్తుంది.

వెల్స్‌లో నానో ద్రావణం ఒక్కటే ఉంటే చాలదు. పైన తేరిన నీళ్లకు ఒకటి, అంతే జింక్ ఉన్న జింక్ అసిటేట్‌కు ఒకటి, మామూలు జింక్ ఆక్సైడ్ పొడికి ఒకటి ఉండాలి. పక్కన సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 5 మైక్రోగ్రాముల డిస్కు పెట్టండి. వెల్‌లో పోసే ముందు నానో ద్రావణాన్ని సోనికేటర్‌లో (ధ్వని తరంగాలతో ఉండలు విడగొట్టే పరికరంలో) అరగంట ఉంచండి. కణాలు ఊరికే ఉండలు కట్టి అడుక్కి దిగిపోతాయి. 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు ఉంచి, స్కేలుతో కొలవండి.

జోన్ చిన్నదిగా వస్తే టెన్షన్ పడకండి. నానో కణాలు అగర్‌లో పాకలేవు, పాకేది కరిగిన జింక్ అయాన్లే. అందుకే జోన్ సైజు చూసి ఈ పొడి గొప్పది, ఆ పొడి తక్కువది అని రాయడం నాకు ఇష్టముండదు. అసలు సంగతి తేల్చేది బ్రాత్ (బ్యాక్టీరియా పెరిగే ద్రవ ఆహారం) పరీక్ష.

96 వెల్స్ ప్లేటులో నానో ద్రావణాన్ని ప్రతి వెల్‌కూ సగం చేసుకుంటూ పోండి. ఆఖరు లెక్కలో మిల్లీలీటరుకు 1000 మైక్రోగ్రాములు, 500, 250, ఇలా రావాలి. 0.5 మెక్‌ఫార్లాండ్ కల్చర్‌ను బ్రాత్‌లో 150 రెట్లు పలచన చేసి, 100 మైక్రోలీటర్ల నానో ద్రావణానికి 100 మైక్రోలీటర్లు కలిపితే మిల్లీలీటరుకు 5 లక్షల బ్యాక్టీరియా కణాలు ఉంటాయి. పలచన చేయడానికి ఫాస్ఫేట్ బఫర్ మాత్రం వాడకండి. ఫాస్ఫేట్ జింక్‌ను పట్టేసుకుంటుంది.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. పొడి వల్లే బ్రాత్ తెల్లగా ఉంటుంది కాబట్టి, బ్యాక్టీరియా పెరిగిందో లేదో కంటితో చెప్పలేం. మర్నాడు రెజాజురిన్ అనే నీలం రంగు వేసి రెండు నుంచి నాలుగు గంటలు ఆగండి. గులాబీ రంగుకు మారితే బ్యాక్టీరియా బతికే ఉంది. నీలంగానే ఉంటే పెరగలేదు. బ్యాక్టీరియా వేయకుండా పొడి, రంగు మాత్రమే ఉన్న వెల్ కూడా పెట్టండి, కణాలే రంగు మార్చేస్తున్నాయేమో తెలుస్తుంది. నీలంగా ఉన్న వెల్స్ నుంచి కొంచెం తీసి మామూలు అగర్ మీద వేసి చూడండి. కాలనీలు లేస్తే మీ పొడి పెరగకుండా ఆపింది గానీ చంపలేదన్నమాట. "చంపింది" అని రాయాలంటే 99.9 శాతం చావాలి.

వీలైతే ఒకే పరీక్షను వెలుతురులో ఒకసారి, ప్లేటుకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఒకసారి చేయండి. జింక్ ఆక్సైడ్ అతినీలలోహిత కాంతిని పీల్చుకుని, బ్యాక్టీరియా పొరను దెబ్బతీసే ఆక్సిజన్ రాడికల్స్‌ను పుట్టిస్తుంది. చీకట్లో మాత్రం జింక్ అయాన్లు, పొరకు నేరుగా తగిలే కణాలు ఎక్కువ పనిచేస్తాయి. రెండు ఫలితాల మధ్య తేడా చూస్తే మీ పొడి ఏ దారిలో దెబ్బ కొడుతోందో కొంత అర్థమవుతుంది.

అన్నీ కనీసం మూడుసార్లు, వేరే వేరే రోజుల్లో చేయండి. ప్లేట్లన్నీ 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేశాకే పారేయండి. మిగిలిన జింక్ ద్రావణం సింకులో పోయకండి, అది కాలువలో చేపలను చంపుతుంది. మా ల్యాబ్‌లో దానికోసం తలుపు పక్కనే మూత ఉన్న నీలం డబ్బా పెట్టుకున్నాం.