గ్రూపీల జీవితకథలు ఎలా చదవాలి: ఒక టైలరు పద్ధతి

మొదట ఆమె చెప్పింది చదవండి, అతను చెప్పింది తర్వాత. 1960ల చివర్లో, 70ల మొదట్లో అమెరికా, ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ల వెంట తిరుగుతూ 'గ్రూపీ' అని పిలిపించుకున్న అమ్మాయిల గురించి సంగీతకారుల ఆత్మకథల్లో మహా అయితే ఒక పేరా దొరుకుతుంది. ఒక హోటలు, ఒక పార్టీ, ఒక ముద్దుపేరు. అదే అమ్మాయి తన కథ తాను రాసుకుంటే అందులో అమ్మానాన్నలుంటారు, ఇంటి అద్దె ఉంటుంది, ఫోన్ కోసం ఎదురుచూసిన రాత్రులుంటాయి.

నేను సికింద్రాబాద్‌లో బ్లౌజులు కుడతాను. మా షాపులో పొద్దుటినుంచీ పాత రాక్ పాటలే మోగుతాయి. కొలతలివ్వడానికొచ్చే కాలేజీ అమ్మాయిలు ఏదో రీల్ చూసి వచ్చి, "అక్కా, బ్యాండ్ల వెంట తిరిగినవాళ్ల గురించి ఏది చదివితే నిజం తెలుస్తుంది?" అని అడుగుతుంటారు. వాళ్లకు నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

మొదలుపెట్టాల్సిన పుస్తకం పమేలా డెస్ బారెస్ రాసిన 'ఐయామ్ విత్ ద బ్యాండ్', 1987లో వచ్చింది. ఆమె 1948లో పుట్టింది, లాస్ ఏంజెలెస్ దగ్గర రెసీడాలో పెరిగింది. స్కూల్లో ఉన్నప్పటినుంచీ డైరీ రాసుకునే అలవాటు. ఆ డైరీలే పుస్తకానికి ఆధారం కాబట్టి ఏ రోజు ఏం కట్టుకుంది, ఎవరు ఏమన్నారు అన్నవి పచ్చిగా ఉంటాయి. ఇరవై ఏళ్ల తర్వాత గుర్తు తెచ్చుకుని చెప్పే కబుర్లలో ఆ పచ్చిదనం ఉండదు. ఎవరి జ్ఞాపకాలు చదివినా ముందు ఇది చూసుకోండి: అప్పుడే రాసిపెట్టుకున్నదా, ఎప్పుడో తర్వాత చెప్పిందా?

చదివేటప్పుడు పక్కన ఒక నోటుపుస్తకం ఉంచుకోండి. నేను పేజీకి మూడు గీతలు గీస్తాను: సంవత్సరం, ఆమె వయసు, అతని వయసు. వయసు గడి ఖాళీగా ఉంటే పేజీ తిప్పను. లెడ్ జెపెలిన్ గిటారిస్టు జిమ్మీ పేజ్‌తో 1969లో నడిచిన ప్రేమ గురించి పమేలా రాసింది. అప్పటికి ఆమెకు ఇరవై, అతనికి ఇరవై ఐదు. ఇద్దరూ పెద్దవాళ్లు. ఆ కథని ప్రేమకథగానే చదవొచ్చు, బాధనూ అలాగే పంచుకోవచ్చు.

కానీ మూడు నాలుగేళ్లు ముందుకెళ్లండి. లాస్ ఏంజెలెస్‌లో సన్‌సెట్ బులెవార్డ్ మీద రోడ్నీ బింగెన్‌హైమర్ నడిపిన 'ఇంగ్లిష్ డిస్కో' అనే క్లబ్బు 1972లో తెరిచారు. అక్కడికొచ్చే ఆడపిల్లల్లో చాలామంది స్కూలు వయసువాళ్లు. 'స్టార్' అనే పత్రిక 1973లో వాళ్లను పొగుడుతూ రాసింది, ఐదు సంచికలకే మూతపడింది. కాలిఫోర్నియాలో అప్పటికే సమ్మతి వయసు, అంటే లైంగిక సంబంధానికి చట్టం ఒప్పుకునే వయసు, పద్దెనిమిది. అంటే "ఆ రోజులు అలాంటివి" అన్న మాట చట్టం ముందు నిలవదు. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లకి, లక్షలాది అభిమానులున్న పాతికేళ్ల మనిషికి మధ్య జరిగినదాన్ని సరదా కథగా చెప్పే పేజీ వస్తే, అక్కడ ఆగి ఆ పిల్లని ఇంటికి దింపాల్సిన పెద్దవాళ్లెవరో వెతకండి. మేనేజరు, హోటలు మనుషులు, క్లబ్బు యజమాని, పత్రిక ఎడిటరు, ఇంతమంది చూస్తూనే ఉన్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే. 2019లో కాలిఫోర్నియా తెచ్చిన చట్టం, చిన్నతనంలో జరిగిన లైంగిక దాడుల మీద పాత కేసులు కూడా వేసుకునేందుకు 2022 డిసెంబరు 31 వరకు గడువిచ్చింది. డెబ్బైల నాటి రాక్ రంగం మీద కేసులు వేసిన ఆడవాళ్లూ ఉన్నారు. అందులో కొందరు తమ యవ్వనాన్ని ఒకప్పుడు వేరే రకంగా చెప్పుకున్నవాళ్లే. యాభై దాటాక మాట మార్చిందని నిందించకుండా రెండు మాటలూ పక్కపక్కన రాసుకోండి. పదిహేనేళ్ల పిల్లకి తనకేం జరుగుతోందో చెప్పుకునే మాటలుండవు.

వయసు తేలాక టూరు తేదీలు చూడండి. ఏ బ్యాండు ఎప్పుడు ఏ ఊళ్లో ఆడిందో ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ఒక ఊళ్లో మూడు నాలుగు రోజులు, తర్వాత ఇంకో ఊరు, ఆపైన విమానమెక్కి ఇంగ్లండ్. మళ్లీ వచ్చేది నెలల తర్వాత. మొబైల్ లేదు, సముద్రం దాటే ఫోన్‌కాల్‌కి బోలెడు ఖర్చు. లెడ్ జెపెలిన్ ఒక్క 1969లోనే అమెరికాకి పదేపదే వచ్చింది. ఆ తేదీలు పక్కన పెట్టుకుని చదివితే, 'ఈ అమ్మాయి ఎందుకింత పిచ్చిగా ఎదురుచూసింది' అనిపించదు. వారం రోజుల దగ్గరతనం, తర్వాత మూడు నెలల నిశ్శబ్దం. అలా ఎవరు బతికినా మనసు అలాగే ఊగుతుంది. అతనికి అటువైపు ఇల్లు, భార్య లేదా ఇంకో ప్రేమ ఉండేది. ఈమెకి ఉన్నది ఈ ఊరే.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన పని: ఆమె చేసిన పని ఏమిటో వెతకడం. టైలర్ని కాబట్టి కుట్టు కనిపిస్తే నా కళ్లు అక్కడే ఆగుతాయి. పమేలా సంగీతకారులకి చొక్కాలు కుట్టేది. చొక్కా కుట్టడమంటే ఏమిటో నాకు తెలుసు. కాలరు సరిగ్గా నిలబడకపోతే చొక్కా మొత్తం పోతుంది, చేతికుట్టు పని పెడితే రాత్రంతా మేలుకోవాలి. స్టేజి మీద లైట్ల కింద వేసుకునే బట్ట అయితే చెమటకి, గిటారు పట్టీ రాపిడికి తట్టుకోవాలి. ఆ చొక్కా వేసుకున్నవాడి ఫోటో గోడలకెక్కింది. కుట్టినదాని పేరు ఫోటో కింద ఉండదు. బ్లౌజుకి లైనింగ్ ఎంతో, ఆ కాలపు రాక్ సంగీతానికి ఈ అమ్మాయిలంత.

ఒక్క మనిషిని దగ్గరగా చూపిస్తాను. అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా 1969 ఆల్బమ్ 'హాట్ రాట్స్' అట్ట తీసి చూడండి. అంతా గులాబీ రంగు. ఖాళీ తొట్టి గట్టు మీద చేతులానించి, పెద్ద జుట్టుతో ఒకామె తల పైకెత్తి చూస్తుంటుంది. ఆమె క్రిస్టీన్ ఫ్రకా, అందరూ మిస్ క్రిస్టీన్ అనేవారు. జప్పా కూతురు మూన్‌ని చూసుకునే పని ఆమెది. అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియని ఆలిస్ కూపర్ బ్యాండు పాటలు వినమని జప్పా దగ్గరకి చేర్చింది ఆమే. ఆయన సాయంత్రమనుకుని ఏడింటికి రమ్మంటే వాళ్లు పొద్దున్నే ఏడింటికి సామాన్లతో దిగారన్నది రాక్ చరిత్రలో అందరూ చెప్పుకునే ముచ్చట. ఆ బ్యాండు మొదటి ఆల్బమ్ 1969లో జప్పా రికార్డు కంపెనీ 'స్ట్రెయిట్' మీదే వచ్చింది. వాళ్ల వేషధారణ మారడంలో కూడా క్రిస్టీన్, ఆమె స్నేహితుల చెయ్యి ఉంది. బిడ్డని సాకడం, పరిచయాలు కలపడం, వేషం దిద్దడం: ఇంత పని చేసిన మనిషిని చాలా పుస్తకాలు 'ఫలానావాడి గర్ల్‌ఫ్రెండ్' అని ఒక్క మాటలో దాటేస్తాయి. 1972 నవంబరులో, ఇరవై రెండేళ్లకే, మత్తుమందు మోతాదు మించి చనిపోయింది.

క్రిస్టీన్, పమేలా, మరో ఐదుగురు కలిసి జీటీఓస్ అనే పాటల గుంపు కట్టారు. జప్పా ప్రోత్సాహంతో 1969లో 'పర్మనెంట్ డ్యామేజ్' అని ఆల్బమ్ కూడా చేశారు. అందులో మాటలు వాళ్లవే. జెఫ్ బెక్, రాడ్ స్టువర్ట్ లాంటివాళ్లు వచ్చి తోడు వాయించారు, పాడారు. గాయకుడు కెప్టెన్ బీఫ్‌హార్ట్ బూట్ల మీద ఒక పాటుంది. పాటల మధ్య అమ్మాయిలు మాట్లాడుకునే ముక్కలుంటాయి, వాటిని వదలొద్దు. శ్రుతి సరిగ్గా లేదని చాలామంది పక్కన పెట్టేస్తారు గానీ, ఆ గొంతులు వినకుండా వాళ్ల గురించి మాట్లాడటం నాకు నచ్చదు.

ఫోటోలు చూడాలంటే 'రోలింగ్ స్టోన్' పత్రిక 1969 ఫిబ్రవరి 15 సంచిక కోసం బారన్ వుల్మన్ తీసినవి చూడండి. వెనక సాదా గోడ, ముందు అమ్మాయి, అంతే. పాత బట్టల కొట్లలో ఏరుకున్న వెల్వెట్లు, లేసులు ఒకదానిమీద ఒకటి వేసుకుని, ఎవరి కొలతకి వాళ్లు మార్చుకుని నిలబడ్డారు. షాపులో కొన్న డిజైను ఒక్కటీ అనిపించదు. ఆ సంచిక ప్రచారానికి పత్రిక న్యూయార్క్ టైమ్స్‌లో పూర్తి పేజీ ప్రకటన ఇచ్చింది. ఈ అమ్మాయిల పేరు మీద ఎవరు డబ్బు చేసుకున్నారన్న ప్రశ్న కూడా నోటుపుస్తకంలో రాసుకోండి.

డబ్బు మాట వచ్చింది కాబట్టి షికాగో సింథియా ఆల్బ్రిటన్ సంగతి. సంగీతకారుల పురుషాంగాలకి ప్లాస్టర్ అచ్చులు తీసినావిడ, 1968లో గిటారిస్టు జిమీ హెండ్రిక్స్‌ది కూడా. చాలామంది అక్కడే నవ్వి ఆపేస్తారు. అచ్చులు భద్రంగా ఉంటాయని ఇంకొకరి చేతికిస్తే తిరిగి ఇవ్వలేదు. ఆమె కోర్టుకెక్కి, 1993లో గెలిచి, తన పని తాను వెనక్కి తెచ్చుకుంది. 2022లో చనిపోయేవరకు తనని తాను కళాకారిణిగానే చెప్పుకుంది.

గ్రూపీ అన్న ముద్ర ఎవరు వేశారో కూడా చూడాలి. పమేలా దాన్ని గర్వంగా మోసింది. మోడల్, గాయని బీబీ బ్యూయెల్ ఒప్పుకోదు. గాయని మరియాన్ ఫెయిత్‌ఫుల్‌కైతే 1964లోనే సొంత హిట్ పాట ఉంది, అయినా పత్రికలకి ఆమె రోలింగ్ స్టోన్స్ బ్యాండు గాయకుడు మిక్ జాగర్ ప్రియురాలే. 'సిస్టర్ మార్ఫిన్' పాట రాయడంలో ఆమె పాలుంది, 1971 స్టోన్స్ ఆల్బమ్ మీద మాత్రం పేరు లేదు. పేరు చేర్చింది 1990లలో. ఆల్బమ్ అట్టల మీద చిన్న అక్షరాలు చదివే అలవాటు చేసుకుంటే ఇలాంటివి ఇంకా దొరుకుతాయి.

చివరగా, చదివింది మీ సోషల్ మీడియా పేజీలో రాసేముందు రెండు జాగ్రత్తలు. అప్పుడు మైనర్లుగా ఉన్నవాళ్లలో చాలామంది ఇవాళ అరవై దాటి, మనవళ్లతో బతుకుతున్నారు. తమంతట తాము బయటికొచ్చి చెప్పుకోనివాళ్ల పేర్లు, పాత ఫోటోలు పెట్టకండి. సంగీతకారుడి పేరు రాసిన చోటల్లా ఆమె వయసు, ఆమె చేసిన పని కూడా అదే వాక్యంలో రాయండి. వాక్యం కాస్త పొడవైతే కానివ్వండి.