ఎర్రజెండా నాయకుడి జీవితం రాసేవారికి ఒక రికార్డు గుమాస్తా సూచనలు

కొందరు దేవుడనీ, కొందరు దారి తప్పినవాడనీ అనే నాయకుడు ప్రతి జిల్లాలోనూ ఒకరుంటారు. అలాంటివారి జీవితం రాయమని కళాశాల సంచికవారో, సంస్మరణ సంఘంవారో మిమ్మల్ని అడిగితే ముందుగా ఒక పట్టిక గీయండి. ఎడమవైపు సంవత్సరాలు వేసి, కుడివైపు ఆ ఏడాది ఆయన ఏ పార్టీలో, ఏ పదవిలో, ఏ ఊళ్లో లేదా ఏ జైల్లో ఉన్నారో రాయండి. సర్వీసంతా అనంతపురం జిల్లాలో రెవెన్యూ రికార్డుల మధ్య గడిపినవాణ్ని కాబట్టి ఇలా అంటున్నానని మీకు అనిపించవచ్చు. అనిపించనివ్వండి. పట్టిక లేకుండా మొదలుపెట్టిన జీవిత చరిత్ర రెండో పేజీకే సన్మాన పత్రమో, చార్జిషీటో అయిపోతుంది.

మన జిల్లా కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డినే తీసుకుందాం. 1917 ఫిబ్రవరి 11న శింగనమల దగ్గరి తరిమెలలో, బాగా భూములున్న ఇంట్లో పుట్టారు. రిషి వ్యాలీలో, మద్రాసు లయోలాలో, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివారు. 1952లో అనంతపురం నుంచి శాసనసభకు, 1957లో ఇక్కడి నుంచే లోక్‌సభకు, 1962లో పుట్లూరు నుంచి, 1967లో మళ్లీ అనంతపురం నుంచి శాసనసభకు గెలిచారు. మొదటి మూడుసార్లు సీపీఐ, చివరిసారి సీపీఎం. 1969 మార్చిలో శాసనసభకు రాజీనామా చేశారు. ఆ డిసెంబరులో మద్రాసులో అరెస్టయ్యారు. 1975లో యూసీసీఆర్ఐ (ఎంఎల్), అంటే భారత కమ్యూనిస్టు విప్లవకారుల ఐక్యతా కేంద్రం, పేరుతో సొంత పార్టీ పెట్టారు. 1976 జూలై 28న, అజ్ఞాతంలో ఉండగానే, హైదరాబాదులో మరణించారు. ఇంత చిన్న పట్టికలోంచే మీ వ్యాసానికి కావలసిన ప్రశ్న బయటికి వస్తుంది. ఇన్నిసార్లు గెలిచిన మనిషి ఎన్నికలనే ఎందుకు వదిలేశారు? అక్కడి నుంచి రాయడం మొదలుపెట్టండి. ఉయ్యాల నుంచి పాడె దాకా వరుస తప్పకుండా రాయాలని ఎవరూ శాసించలేదు.

ఇక ఆధారాలు. 1952 ఫలితాన్ని ఆంధ్రప్రదేశ్ నివేదికల్లో వెతికితే దొరకదు. అప్పటికి అనంతపురం మద్రాసు రాష్ట్రంలో ఉంది, కాబట్టి మద్రాసు శాసనసభ ఎన్నికల నివేదిక తెరవాలి. 1953 అక్టోబరు 1 తర్వాతివి ఆంధ్ర రాష్ట్రం పేరుతోనూ, 1956 నవంబరు 1 తర్వాతివి ఆంధ్రప్రదేశ్ పేరుతోనూ ఉంటాయి. పుట్లూరు నియోజకవర్గం ఇప్పుడు లేదు. అందుకే పాత ఫలితాలను నేటి నియోజకవర్గాల పేర్లతో సరిపోల్చే పని పెట్టుకోకండి.

ఆ 1952 ఎన్నిక గురించి మన జిల్లాలో చెప్పనివారు లేరు. నాగిరెడ్డి జైల్లో ఉండి పోటీ చేసి నీలం సంజీవరెడ్డిని ఓడించారు. ఇద్దరూ బావాబావమరుదులు. కథ రక్తి కడుతుంది, అందుకే జాగ్రత్త. చాలామంది అక్కడే ఆగిపోయి కుటుంబ నాటకం రాస్తారు. ఓడిన సంజీవరెడ్డి 1955లో శ్రీకాళహస్తి నుంచి గెలిచారనీ, 1956లో ముఖ్యమంత్రి అయ్యారనీ, గెలిచిన నాగిరెడ్డి మద్రాసు సభలో ప్రతిపక్ష నాయకుడిగా రాజాజీ ప్రభుత్వానికి ఎదురు నిలిచారనీ రాస్తే రెండు దారులు ఎక్కడ చీలాయో పాఠకుడికి తెలుస్తుంది. శాసనసభ చర్చలు సంపుటాలుగా అచ్చయ్యాయి. నాయకుడి గొంతు కావాలంటే వాటిలోనే వెతకండి. సంస్మరణ సభల్లో వినిపించేది అనుచరుల గొంతు.

పెద్దవాళ్లను తప్పకుండా కలవండి, కానీ లెక్క కట్టి వినండి. అప్పట్లో ఓటు హక్కుకు 21 ఏళ్లు నిండాలి. అంటే 1952లో ఓటు వేసినవారికి ఇప్పుడు తొంభై దాటి ఉండాలి. ఎనభై ఏళ్ల పెద్దాయన ‘ఆయన జైల్లో ఉన్నప్పుడు నేనే ఓటు వేశాను’ అంటే కాదనకండి, కాఫీ తాగి ఇంకో ప్రశ్న అడగండి: ఓటు ఎలా వేశారు? 1952లోనూ 1957లోనూ ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది. గుర్తు అంటించిన ఆ పెట్టెలో కాగితం వేసి రావడమే, ముద్ర కొట్టే పని లేదు. ముద్ర కొట్టానన్నవారు 1962 ఎన్నికనో, ఆ తర్వాతిదో గుర్తు చేసుకుంటున్నారు. గుర్తు కూడా అడగండి. కంకి కొడవలి అంటే సీపీఐ, సుత్తి కొడవలి నక్షత్రం అంటే సీపీఎం, అంటే 1967. వారు అబద్ధం చెబుతున్నారని కాదు, రెండు ఎన్నికలు జ్ఞాపకంలో కలిసిపోయాయి, అంతే. వారి మాటను సరైన ఏడాది పక్కన పెడితే అది మంచి సాక్ష్యమే.

పత్రికలు చదివేటప్పుడు కూడా పట్టిక పక్కనే ఉండాలి. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినప్పుడు విశాలాంధ్ర దినపత్రిక సీపీఐ వైపు ఉండిపోయింది, నాగిరెడ్డి సీపీఎంకి వెళ్లారు. అంటే 1963 సంచికలో ఆయన గురించి రాసింది సొంత పార్టీ పత్రిక. 1965 సంచికలో రాసింది ప్రత్యర్థి పత్రిక. పేరు అదే కదా అని రెంటినీ ఒకే తక్కెడలో వేస్తే మీరు తప్పు తూస్తారు.

భూమి సంగతికి వద్దాం. ఇక్కడ నాకు కాస్త ఎక్కువ మాట్లాడే హక్కుందని అనుకుంటాను. వామపక్ష నాయకుడు పెద్ద రైతు ఇంటివాడైతే భూములు పంచాడన్న మాట తప్పకుండా వస్తుంది. నాగిరెడ్డి విషయంలోనూ ఆ మాట బలంగా ఉంది. ఎకరాల సంఖ్య మాత్రం చెప్పే మనిషిని బట్టి పెరుగుతూ పోతుంది. సభలో విన్న సంఖ్య రాయకండి. తహసీల్దారు కార్యాలయానికి దరఖాస్తు పెట్టి ఎవరి పేర ఎంత భూమి ఉందో చెప్పే పాత 10(1) చిట్టా, ఏ పొలం ఎవరి సాగులో ఉందో చూపే అడంగల్ నకళ్లు అడగండి. రిజిస్ట్రారు కార్యాలయంలో దాన దస్తావేజులు, విక్రయ దస్తావేజులు చూడండి. దస్తావేజు లేనంత మాత్రాన పంచలేదని తేల్చేయకూడదు. ఆ రోజుల్లో నోటిమాటతో ఇచ్చిన పొలాలు ఎన్నో. అడంగల్‌లో పట్టాదారు పేరు ఒక గడిలో, అనుభవదారు పేరు ఇంకో గడిలో ఉంటుంది. పట్టా పాత పేరుమీదే ఉండి, అనుభవంలో వరుసగా కొన్నేళ్లు కూలీల పేర్లు కనబడితే మీకు గట్టి ఆధారం దొరికినట్టే. అయితే కౌలుకిచ్చినా అనుభవ గడి మారుతుంది, కాబట్టి శిస్తు ఎవరు కట్టారో, పంట ఎవరు తీసుకున్నారో ఊళ్లో అడగాలి. తేదీ కూడా ముఖ్యమే. ఏ నాయకుడు భూమి పంచినా ‘సీలింగు తప్పించుకోవడానికే’ అనేవారు ఉంటారు. ఒకరికి ఇంతకు మించి భూమి ఉండకూడదనే ఆ సీలింగు చట్టాలు వచ్చింది 1961లో, మళ్లీ 1973లో. మార్పు అంతకు చాలా ముందే జరిగి ఉంటే ఆ ఆరోపణ నిలవదు, తర్వాత జరిగి ఉంటే దాన్ని మీరు మింగకూడదు. ఒక్క మాట: ఊరి భూముల లెక్కలు రాసే కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. అంతకు ముందరి గ్రామ లెక్కలన్నీ భద్రంగా దొరుకుతాయని ఆశపడకండి.

చీలికల అధ్యాయమే కొత్తవారిని భయపెడుతుంది. పార్టీల పొట్టి పేర్లన్నీ వరుసగా కూర్చితే చదివేవారు పేజీ తిప్పేస్తారు. ఒక్కో చీలిక దగ్గర ఒకే ప్రశ్న వేయండి: ఈసారి తగాదా దేనిమీద? 1968లో బర్ద్వాన్‌లో జరిగిన సీపీఎం ప్లీనం (పార్టీ విస్తృత సమావేశం) తర్వాత నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, కర్నూలు జిల్లావారైన చండ్ర పుల్లారెడ్డి తదితరులు సీపీఎం నుంచి బయటికి వచ్చారు. తగాదా విప్లవం పార్లమెంటు దారిలో వస్తుందా అన్న దానిమీద. మరుసటి ఏడాది నక్సల్బరీ నాయకుడు చారు మజుందార్ బృందంతోనూ తెగిపోయింది. ఈసారి తగాదా భూస్వాములను ఒక్కొక్కరిగా చంపే పద్ధతి మీద. ముందు ప్రజలను భూమి సమస్య మీద కూడగట్టాలని నాగిరెడ్డి వర్గం వాదించింది. 1969 ఏప్రిల్‌లో పుట్టిన మజుందార్ పార్టీ సీపీఐ (ఎంఎల్)లో వీరు లేరు. 1971లో పుల్లారెడ్డి కూడా నాగిరెడ్డి వర్గం నుంచి విడిపోయారు. అందువల్ల సీపీఎంవారికి నాగిరెడ్డి దుస్సాహసికుడు, మజుందార్ అనుచరులకు మితవాది, ప్రభుత్వానికి కుట్ర కేసులో ముద్దాయి. ముగ్గురి మాటా రాయండి, కానీ ఎవరు ఎక్కడ నిలబడి అంటున్నారో చెప్పి రాయండి. ‘కొందరి అభిప్రాయం ప్రకారం’ అనే వాక్యం కనబడితే కొట్టేయండి. ఆ కొందరికి ఒక పార్టీ, ఒక ఏడాది ఉంటాయి.

ప్రభుత్వాన్ని కూలదోయడానికి కుట్ర పన్నారంటూ పెట్టిన హైదరాబాదు కుట్ర కేసులో ఆయన కోర్టుకిచ్చిన సుదీర్ఘ ప్రకటన తర్వాత పుస్తకంగా వచ్చింది. విదేశీ పెట్టుబడి, అప్పుల గురించి ఆయన ఏమనుకున్నారో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. అందులోని అంకెలను మాత్రం ఆయన వాదనలో భాగంగానే ఉటంకించండి, మీ అంకెలుగా చెప్పకండి.

వ్యాసాన్ని 1976 దగ్గర ఆపండి. ఆ తర్వాత ఆయన పార్టీ కూడా ముక్కలైందని ఒక్క వాక్యం చాలు. ఏ ముక్క అసలైన వారసురాలో తేల్చడం మీ పని కాదు. ఆ వర్గాల్లో ఒకదానివారు మీ సంచికకు ప్రకటన ఇస్తుంటే, అచ్చుకు ముందు ప్రూఫు చూపించేది లేదని డబ్బు తీసుకోకముందే చెప్పేయండి.