ఎలుక, మందు, చోటు: ప్రయోగాన్ని చదవడం నేర్చుకుందాం (4వ భాగం)

అదే డోసు యాంఫిటమిన్‌ని (మెదడుని ఉత్తేజపరిచే మందు) రోజు విడిచి రోజు ఇస్తూ పోతే ఎలుక పరుగు తగ్గదు, పెరుగుతుంది. సెన్సిటైజేషన్ అంటే ఇదేనని కిందటి భాగంలో చూశాం. ఆ పెరుగుదలలో మందు ఇచ్చిన చోటు వాటా ఎంతో అంకెల్లోంచి పట్టుకోవడం ఈసారి పాఠం. తిరుపతిలో ఎం.ఫార్మసీ, జువాలజీ చదివే పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

కాగితం మీద మూడు గుంపులు గీయండి. మొదటి గుంపుకి పరీక్ష పెట్టెలో మందు, తర్వాత సొంత బోనులో సెలైన్ (మందు లేని ఉప్పునీరు). రెండో గుంపుకి తిరగేసి: పెట్టెలో సెలైన్, బోనులో మందు. మూడో గుంపుకి రెండు చోట్లా సెలైనే. మొదటి రెండు గుంపులకీ ఎక్కిన మందు సమానం, సూదిపోట్లు సమానం, పెట్టెలో గడిపిన సమయమూ సమానం. మందు ఎక్కడ ఎక్కింది అన్నదొక్కటే తేడా. రెండో గుంపు లేని ప్రయోగం చోటు గురించి ఏం చెప్పినా నేను నమ్మను.

ఆఖర్న ఒకరోజు అందరికీ పెట్టెలో మందు, ఇంకోరోజు అందరికీ పెట్టెలో ఉత్త సెలైన్. ఆ సెలైన్ రోజున మొదటి గుంపు ఎలుకని దగ్గరగా చూడండి. ఒంట్లో మందు లేదు. అయినా మూలమూలా వాసన చూస్తూ, తల ఎత్తి దించుతూ, ఇన్‌ఫ్రారెడ్ కిరణాల్ని దాటుతూనే ఉంటుంది (ఎన్నిసార్లు దాటిందన్నదే పరుగు లెక్క). అలిపిరి రాగానే నోటికి ‘గోవిందా’ దానంతటదే వచ్చినట్టు, పెట్టెలో పెట్టగానే కాళ్ళు కదులుతాయి. ఇది పావ్లోవ్ చూపించిన కండిషనింగే: చోటు మందుతో ముడిపడి, మందు లేకున్నా చోటే కదిలిస్తుంది. (ఎథిక్స్ కమిటీ అనుమతితో మీ యానిమల్ హౌస్‌లో చేసేవాళ్ళు ఎలుకకీ ఎలుకకీ మధ్య పెట్టెని తుడవాలి. ముందు ఎలుక వాసన మిగిలితే లెక్క పాడవుతుంది.)

ఇప్పుడు అభ్యాసం. అంకెలు లెక్క కోసం నేను వేసినవి. కిరణాలు దాటిన లెక్క, మూడు గుంపులకీ వరసగా. మందు రోజు: 3000, 1800, 1800. సెలైన్ రోజు: 600, 400, 400. కండిషనింగ్ వల్ల పెరిగింది 200. మందు రోజు తేడా మాత్రం 1200. మిగతా 1000 ఎక్కడిది?

రెండో గుంపులో సెన్సిటైజేషన్ రాలేదని తొందరపడి రాసేయకండి. మార్పు మెదడులో వచ్చి ఉండి కూడా, మందు ఎప్పుడూ తగలని చోట బయటపడకపోవచ్చని 1996లో అనాగ్నోస్టారాస్, రాబిన్సన్ అనే పరిశోధకులు వాదించారు. అంటే చోటు పరుగుని కొంచెం పెంచి ఊరుకోదు, వచ్చిన మార్పు బయటపడాలా వద్దా అన్నదీ దాని చేతిలోనే ఉంటుంది. మిషిగన్‌లో రాబిన్సన్, బడియానీ బృందం ఇంకో సంగతి చూపించింది. ఎలుక ఉండే బోనులోనే, మనిషి చెయ్యి తగలకుండా, సన్న గొట్టంతో రక్తంలోకి తక్కువ డోసు పంపితే సెన్సిటైజేషన్ సరిగా రాలేదు. అదే డోసు కొత్త చోట ఇస్తే గట్టిగా వచ్చింది. డోసు బాగా పెంచితే మాత్రం ఎక్కడైనా వస్తుంది. అందుకే ఏ పేపర్ చదివినా ముందు డోసు చూడండి, వెంటనే సూది ఎక్కడ వేశారో చూడండి.

ఇంటిపని: 1982లో షెపర్డ్ సీగెల్ బృందం ఎలుకలకి పెద్ద డోసు హెరాయిన్ ఇచ్చింది. హెరాయిన్ అలవాటైనవాటిలో, అలవాటైన గదిలో తీసుకున్నవి 32 శాతం చనిపోయాయి, వేరే గదిలో తీసుకున్నవి 64 శాతం. అంతకుముందు హెరాయిన్ ఎరగనివి 96 శాతం. ఇక్కడ చోటు మందు పనిని పెంచిందా, తగ్గించిందా? మన మూడు గుంపుల్లో దేనికి ఏది సాటి? రాసి ఉంచుకోండి, అయిదో భాగం అక్కడినుంచే.