చేతి వాచీ కోర్టులో సాక్ష్యం కావాలంటే మొదటి వారంలో చేయాల్సిన పనులు

నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో పద్నాలుగేళ్లుగా ముద్దాయిల తరఫున వాదిస్తున్నాను. ఈ మధ్య నా దగ్గరికి వచ్చే కేసుల్లో చాలామంది కుర్రాళ్ల చేతికి ఫిట్‌నెస్ వాచీ ఉంటోంది. అడుగులు, గుండె వేగం, నిద్ర అన్నీ అందులో నమోదవుతుంటాయి. కేసు పడగానే ఇంట్లోవాళ్లు ఆధార్ కార్డులు, జమానతు కాగితాలు పట్టుకొని పరుగెత్తుకొస్తారు గానీ, వాచీ సంగతి ఎవరికీ గుర్తురాదు.

బోరబండ నుంచి ఒకావిడ వచ్చింది. టోలిచౌకిలో రాత్రి పదిన్నర దాటాక జరిగిన కొట్లాటలో ఆమె పెద్దకొడుకు పేరు రాశారు. ఆ టైముకు వాడు ఇంట్లో పడుకున్నాడని ఆమె చెప్పింది. కన్నతల్లి చెప్పే మాటకు కోర్టులో ఎంత బలముంటుందో నాకు తెలుసు కాబట్టి మౌనంగా రాసుకుంటున్నాను. మాటల మధ్యలో "నిద్రల గూడ వాచీ తియ్యడమ్మా" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వాచీ ఎక్కడుందని అడిగాను. "చిన్నోడు పెట్టుకున్నడమ్మా. అన్న జైల్ల ఉన్నడు గద, ఊకె పడుంటదని ఆని ఫోనుకు కలుపుకున్నడు."

ఆ వాచీని వేరే ఫోనుకు కలపాలంటే రీసెట్ చేయాలి, అంటే లోపలున్నదంతా చెరిగిపోతుంది. చిన్నోడు చేసేశాడు. అన్న ఫోనులో చాలా రోజులుగా బ్లూటూత్ ఆఫ్‌లోనే ఉంది కాబట్టి ఆ రాత్రి వివరాలు వాచీలో తప్ప ఇంకెక్కడా లేవు. ఆ పిల్లాడికి పదహారేళ్లు. అతని తప్పేం లేదు, చెప్పినవాళ్లు లేరు. ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

అరెస్టయిన రోజే వాచీని వెతికి పట్టుకోండి. రీసెట్ చేయొద్దు, వేరే ఫోనుకు కలపొద్దు, ఛార్జింగ్ అయిపోనివ్వొద్దు. జత చేసిన ఫోను మీ దగ్గరే ఉంటే వెంటనే సింక్ చేయండి, అంటే వాచీలో ఉన్న వివరాలను ఫోనులోకి ఎక్కించండి. ఫిట్‌బిట్ వాచీలు చాలావాటిలో నిమిషం నిమిషం వివరాలు 7 రోజులే ఉంటాయి, ఆ తర్వాత రోజువారీ మొత్తాలు మాత్రమే మిగులుతాయి. "ఆ రోజు మొత్తం 6 వేల అడుగులు" అంటే కోర్టులో దేనికీ పనికిరాదు. రాత్రి 10:40కి ఏం జరిగిందన్నదే మనకు కావాలి. వాచీలో టైమును పక్కన ఫోను టైముతో కలిపి ఒక ఫొటో కూడా తీసి ఉంచండి.

ఆ తర్వాత ఫైల్ దింపుకోవాలి. యాపిల్ ఫోనులో హెల్త్ యాప్ తెరిచి, పైన మీ ఫొటో నొక్కితే కింద మొత్తం డేటా ఎక్స్‌పోర్ట్ చేసే బటన్ ఉంటుంది. వేరే కంపెనీలదైతే ఆ యాప్ సెట్టింగుల్లో చూడండి. స్క్రీన్‌షాట్లతో సరిపెట్టొద్దు. ఫైల్ దింపగానే దాని హ్యాష్ విలువ, అంటే ఆ ఫైలుకు వేలిముద్ర లాంటి గుర్తు, తీయించండి. ఎస్‌హెచ్ఏ-256 పద్ధతిలో అది 64 అక్షరాలు, అంకెల వరుస. ఫైల్లో ఒక్క కామా మారినా ఆ వరుస మొత్తం మారిపోతుంది. దాన్ని తేదీ, టైముతో కాగితం మీద రాసి సంతకం పెట్టండి. లోపల ఏముందో చూడాలనుకుంటే కాపీని తెరవండి, అసలు ఫైల్ ముట్టుకోకండి.

చూశాక మనకు వ్యతిరేకంగా ఉంటే? ఈ ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. చెరిపేద్దామన్న ఆలోచనే వద్దు. కోర్టు ముందుకు రాకూడదని ఎలక్ట్రానిక్ రికార్డును ధ్వంసం చేయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 241 కింద వేరే నేరం, అప్పుడు చెరిపినవాళ్లు కూడా ముద్దాయిలవుతారు. లాయరుకు చూపించండి, తర్వాత ఏం చేయాలో వాళ్లు చెబుతారు. ఫోను పోలీసుల దగ్గరుంటే, లేదా డేటా కంపెనీ సర్వర్లో ఉంటే, దాన్ని తెప్పించమని భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 94 కింద కోర్టులో పిటిషన్ వేయొచ్చు.

ఇప్పుడు టైము సంగతి. ఒక దాడి కేసులో ఫిర్యాదుదారు వాచీ డేటా ప్రింటు మా చేతికొచ్చింది. దాడి జరిగింది రాత్రి పావు తక్కువ పదకొండుకని అతను చెప్పాడు. ప్రింటులో గుండె వేగం ఒక్కసారిగా పెరిగిన చోట 17:12 అని ఉంది. సాయంత్రం ఐదింటికి పెరిగితే రాత్రి దాడి కథ అబద్ధమేనని క్రాస్ ఎగ్జామినేషన్‌కు ప్రశ్నలన్నీ రాసుకున్నాను. ముందురోజు రాత్రి మా జూనియర్ ఆ కాగితం మీద వేలు పెట్టి, "మేడమ్, అంకెల చివర జడ్ అక్షరం చూశారా?" అంది. జడ్ ఉంటే అది గ్రీనిచ్ లెక్క టైము. మన టైము కావాలంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి. కలిపితే రాత్రి 10:42. అతను చెప్పింది అక్షరాలా నిజమైంది. ఆ ప్రశ్నలు అడిగుంటే నా క్లయింటును నేనే ముంచేసేదాన్ని. కొన్ని ఫైళ్లలో టైము పక్కన ప్లస్ 0530 అని ఉంటుంది, అప్పుడు ఏమీ కలపనక్కర్లేదు. ప్రతి ఫైల్లో ముందు ఇది చూడండి.

అడుగుల లెక్కను గుడ్డిగా నమ్మొద్దు. చపాతీ పిండి కలుపుతూ ఒకసారి వాచీ చూసుకున్నాను. కదలకుండా నిలబడ్డదాన్ని, అడుగులు పెరుగుతూనే ఉన్నాయి. సూపర్‌మార్కెట్లో ట్రాలీ పట్టుకొని నడిస్తే చెయ్యి ఊగదు కాబట్టి చాలా అడుగులు లెక్కలోకే రాలేదు. పైగా ఆ మణికట్టు ఎవరిదో వాచీకి తెలియదు, తమ్ముడు పెట్టుకున్నా అన్న పేరు మీదే రాస్తుంది. కాబట్టి వాచీ పక్కన ఇంకొకటి నిలబెట్టాలి. వీధి సీసీటీవీ, ఫోన్ టవర్, ఆ టైముకు చేసిన యూపీఐ చెల్లింపు, ఏదైనా సరే. సీసీటీవీ ఫుటేజీ కూడా ఎక్కువ రోజులు ఉండదు, అదే వారంలో అడగండి.

అమెరికాలో కనెక్టికట్‌లో 2015 డిసెంబరులో ఒక భార్య హత్యకు గురైంది. ముసుగు దొంగ కాల్చాడని భర్త చెప్పాడు. అతను చెప్పిన టైము దాటిపోయిన తర్వాత కూడా ఆమె ఫిట్‌బిట్ కదులుతూనే ఉంది, ఉదయం 10:05 వరకు. 2022లో అతనికి 65 ఏళ్ల శిక్ష పడింది. అయితే అక్కడ కూడా ఇంటి అలారం రికార్డు లాంటివి తోడున్నాయి. జర్మనీలో ఫ్రైబుర్గ్ హత్య కేసులో ముద్దాయి ఫోను హెల్త్ యాప్ మెట్లెక్కినట్టు చూపింది. అసలు హత్య జరిగిన చోటున్న ఏటి గట్టు ఎక్కితే యాప్ అలాగే రాస్తుందా అని ముద్దాయి అంత ఎత్తున్న పోలీసు ఒకరు అదే దారిలో దిగి, ఎక్కి చూశారు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. మీ కేసులోనూ అదే మోడల్ వాచీతో అదే దారి నడిపించి చూడమని మీ లాయరును అడగండి.

ఇక సర్టిఫికెట్. భారతీయ సాక్ష్య అధినియమం 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ పెట్టాలి. పార్ట్ ఏ రికార్డు సమర్పించే పక్షం నింపాలి, పార్ట్ బీ నిపుణుడు నింపాలి, హ్యాష్ విలువ రాయాలి. పాత చట్టం కిందే సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో ఈ సర్టిఫికెట్ తప్పనిసరని తేల్చింది. అసలు పరికరాన్నే యజమాని కోర్టుకు తెచ్చి, బోనెక్కి అది తనదేనని రుజువు చేస్తే సర్టిఫికెట్ అక్కర్లేదని కూడా ఆ తీర్పులోనే ఉంది. వాచీని భద్రంగా ఉంచమని నేను పట్టుబట్టేది అందుకే. ఫైల్ దింపేటప్పుడు పక్కన కూర్చొని చూసిన మనిషి పేరు కూడా రాసుకోండి, రేపు క్రాస్‌లో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.

లాయరు దగ్గరికి వచ్చేటప్పుడు వాచీ, ఛార్జర్, యాప్ లాగిన్ వివరాలతో పాటు వాచీ వచ్చిన అట్టపెట్టె, బిల్లు కూడా తీసుకురండి. సీరియల్ నంబరు ఆ పెట్టె మీద ఉంటుంది. ఆన్‌లైన్లో కొని బిల్లు పోగొట్టుకుంటే ఆర్డరు వివరాల్లోంచి మళ్లీ దింపుకోవచ్చు.