పిల్లల తెలివిని మార్కులు పక్కన పెట్టి ఎట్ల చూడాలె

రిజల్ట్స్ వచ్చినయంటే మా పాలమూరు దిక్కు ఏ ఇంటికి పోయినా ఒక్కటే ముచ్చట, మీవోనికి ఎన్నొచ్చినయ్ మావోనికి ఇన్నొచ్చినయ్ అని. తక్కువొస్తే వీనికి బుర్ర లేదని పిలగాడు ముంగట కూసోని వింటుండంగనే అనేస్తరు. దయచేసి ఆ మాట అనకుండ్రి. ఐక్యూ టెస్టుకు మూలమైన పరీక్షను 1905ల పారిస్‌ల ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సైమన్ తయారు చేసింది బడిల ఏ పిల్లకు ఎక్కువ సాయం కావాల్నో కనుక్కోనీకే, తెలివి పుట్టుకతోటి వచ్చినంతే ఇంక పెరగదు అనేటోళ్లను బినేనే తప్పుబట్టిండు.

నా లెక్కల తెలివి అంటే తెల్వని చోట ఇరుక్కున్నప్పుడు మనిషి ఏం చేస్తడన్నది. దాన్ని ఇంట్లనే చూడొచ్చు. సైకిల్ చైన్ పడిపోయిందనుకోండి, మీరు ఉరికి పోయి ఎక్కియ్యకుండ్రి, కొంచెం దూరం నిలవడి చూడుండ్రి. పోరడు గుంజుడే గుంజుతుండా, లేకపోతే ఆగి ఏ పళ్లల్ల ఇరికిందో వంగి చూస్తుండా, ఒక తీరు కాకపోతే ఇంకో తీరు మారుస్తుండా? సాయం అడిగితే ముందుగాల "ఇప్పటిదాంక ఏం చేసి చూసినవ్ బిడ్డా" అని అడగుండ్రి.

దేని గురించి ఊకె ఆలోచిస్తుండో కూడా పట్టుకోవాలె. అప్పటి నల్గొండ జిల్లా ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం ఆరో తరగతితోనే బడి ఆపి మగ్గం మీదికి వచ్చిండు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేసే ముందు దారాన్ని మేకుల చుట్టు చుట్టాలంటే, వాళ్లమ్మ చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగాలె, భుజం నొప్పితోటి ఆమె పడే బాధ చూసి ఏండ్లకేండ్లు అదే పట్టుకుని 1999ల ఆసు మిషన్ చేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. ఆరో తరగతి ప్రోగ్రెస్ కార్డు చూసి ఈ సంగతి ఎవరు చెప్తరు?

ఇంక అన్నిటికన్న నాకు బాగ నచ్చేది, పాఠం ఇంట్ల అవ్వకు చెప్పిపియ్యుడు. జొన్నల కంది సాళ్లు ఎందుకు పెడ్తరని అడిగితే పిలగాడు నత్రజని స్థాపన అని పుస్తకంల మాట అప్పజెప్తడు. అవ్వ ఊకోదు, "అయితే వచ్చే పంటకు యూరియా తక్కువ వడ్తదా?" అంటది. అప్పుడు వాడు ఆగుతడు చూడుండ్రి, అసలు చదువు ఆడ మొదలైతది. చేన్లకు తీస్కపోయి కంది మొక్కను మట్టితోటి మెల్లగ లేపి వేర్లు చూపియ్యుండ్రి, సన్న సన్న బుడిపెలుంటయ్, గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు ఉన్నదంటే అండ్ల ఉన్న బ్యాక్టీరియా గాలిల నత్రజనిని మొక్కకు అందిస్తున్నట్టు. ఇది చూసిన పిల్లకు ఆ మాట మళ్ల బట్టీ పట్టే పని లేదు.

యాది ఉంటలేదని ఏడ్చేటోళ్లకు ఒక పద్ధతి. 2006ల అమెరికాల రోడిగర్, కార్పికీ అని ఇద్దరు సైంటిస్టులు కాలేజీ పిల్లల మీద చూసిండ్రు, చదివిందే మళ్ల మళ్ల చదివినోళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షల ముందున్నరు, వారం తర్వాత మాత్రం చూడకుండ యాదికి తెచ్చుకుని రాసినోళ్లే ముందున్నరు. అందుకే ఒకసారి చదివినంక పుస్తకం మూపిచ్చి తెల్ల కాయితం ఇయ్యుండ్రి, గుర్తున్నది గుర్తున్నట్టు రాయనీయుండ్రి, తర్వాత పుస్తకం తెరిచి పోయినయ్ ఎర్ర పెన్నుతోటి వాడే రాసుకోవాలె, రెండు మూడు దినాలకు మళ్ల ఇట్లనే. పరీక్షల ముందట రాత్రంత మేల్కొల్పకుండ్రి, చదివింది నిద్రలనే కుదురుకుంటది.

పేరెంట్స్ మీటింగ్‌కు పోతే ర్యాంకు తర్వాత అడగొచ్చు, ముందుగాల సారును ఇది అడగుండ్రి: మావోడు తెల్వనప్పుడు చెయ్యి లేపుతుండా సార్, లేపితే మీరు చెప్పనిస్తున్నరా?