సాగిపోయే చేతిసంచి పట్టీని సరిచేసిన విధం

పాత నూలు చీరలను 2 సెంటీమీటర్ల వెడల్పు పీలికలుగా చింపి, 8 మిల్లీమీటర్ల క్రోషియా సూదితో నేను అల్లిన చేతిసంచి ముచ్చటగానే ఉన్నా, కూరగాయలు వేసి భుజానికి తగిలించుకుంటే పట్టీ సాగి సంచి నడుము కిందికి జారేది. క్రోషియా అల్లికంతా ఉచ్చులే కనుక, గుడ్డ సాగకపోయినా బరువు పడినప్పుడు ఉచ్చులు సన్నబడి పొడవు పెరుగుతుంది. అందువల్ల పట్టీని విప్పి, 6 మిల్లీమీటర్ల సూదితో బిగువుగా మళ్లీ అల్లి, రెండు అంచుల వెంబడి స్లిప్ స్టిచ్ (అంచును బిగించే, ఎత్తు లేని పొట్టి క్రోషియా కుట్టు) వరుస వేశాను. అసలు బలం మాత్రం పాత జీన్స్ ప్యాంటు పక్కకుట్టు నుంచి వచ్చింది: పొరలు కలిసే ఆ దళసరి భాగాన్ని పొడవుగా కత్తిరించి, పట్టీ లోపలి వైపున చేతికుట్టుతో బిగించి, కొనలను సంచి అడుగు దాకా దించి కుట్టాను. ఇప్పుడు బరువంతా ఆ గుడ్డే మోస్తుంది. జరీ అంచు పీలికలను పట్టీలో వాడకపోవడం మంచిది. అవి భుజానికి గుచ్చుకుంటాయి.