పిల్లిమొగ్గలు, పిరమిడ్‌లు ఉన్న డాన్సు ప్రోగ్రాంకి ముందు చూసుకోవాల్సినవి

నవంబరు వచ్చిందంటే బెంగళూరులో మన పిల్లలకు ఊపిరాడదు. కన్నడ రాజ్యోత్సవంతో మొదలై స్కూళ్లలో యాన్యువల్ డేలు, ఆ వెంటనే అపార్ట్‌మెంట్లలో సంక్రాంతి సంబరాలు. ఇప్పుడు ప్రతి డాన్సులోనూ ఒక కార్ట్‌వీల్ (చేతులు ఆనించి చక్రంలా పక్కకు తిరగడం), రెండు పిల్లిమొగ్గలు, చివర్లో ఒకరి మీద ఒకరు ఎక్కే పిరమిడ్ ఉండాల్సిందే. మారతహళ్లి వైపు ఎనిమిదేళ్లుగా పిల్లలకు కూచిపూడి, దాంతోపాటు కొంచెం జిమ్నాస్టిక్స్ నేర్పిస్తున్నాను. ఇవన్నీ మానేయమని చెప్పడానికి రాయడం లేదు. ఒంటిని విల్లులా వంచడం మన నాట్యానికి కొత్త కాదు. నాట్యశాస్త్రంలోని 108 కరణాలనే నాట్య భంగిమలను చిదంబరం గోపురాల్లో చూసినవాళ్లకు ఆ సంగతి తెలుసు. పిల్లలు చెయ్యాలి, ధైర్యంగా చెయ్యాలి. మన వంతు పని మనం చేసి పెడితేనే ఆ ధైర్యానికి అర్థం.

మొదట చూడాల్సింది నేల. పోటీల్లో జిమ్నాస్టులు దూకే ఫ్లోర్ 12 మీటర్ల చదరం, కింద స్ప్రింగులు, పైన ఫోమ్. మన స్టేజీ అంటే ఇనప స్టాండ్ల మీద ప్లైవుడ్ షీట్లు, వాటి మీద ఎర్ర కార్పెట్. క్లబ్‌హౌస్ అయితే ఉత్త టైల్స్. మ్యాట్ మీద పదిసార్లు చక్కగా వచ్చిన మొగ్గ ఇక్కడ అలాగే వస్తుందనుకోకూడదు. మూడేళ్ల కిందట మా ప్రోగ్రాంలో పదేళ్ల బాబు కార్ట్‌వీల్ వేస్తుంటే, రెండు షీట్ల మధ్య సందులోకి కార్పెట్ కుంగి చెయ్యి మడతపడింది. మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. పొద్దున ఆ స్టేజీ మీద నేను చెప్పులతోనే తిరిగి చూశాను. సందు కాలికి తెలియలేదు. ఆ రోజు నుంచి ప్రతి స్టేజీనీ ఉత్తకాళ్లతో, మడమతో నొక్కుకుంటూ ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తాను. మెత్తగా దిగినచోట చాక్‌పీస్‌తో గుర్తు పెడతాను. ఆ గుర్తు మీద ఎవరూ చేతులు ఆనించరు.

ఆరుబయట స్టేజీ అయితే డిసెంబరు రాత్రి మంచుకు కార్పెట్ తడిసిపోతుంది. పొగ మిషన్ పెడితే నేల మీద సన్నటి జిడ్డు పొర పడుతుంది, కంటికి కనిపించదు. మొగ్గలున్న డాన్సుకు ముందు పొగ వద్దని డీజేకి గట్టిగా చెప్పండి. కూచిపూడి తరంగంలో తల మీద పెట్టుకునే చెంబు నుంచి నీళ్లు ఒలికితే తర్వాత వచ్చే పిల్లలు జారతారు. పొడిగుడ్డతో ఒక మనిషి తెర పక్కన సిద్ధంగా ఉండాలి. క్లబ్‌హౌస్‌లో తల ఎత్తి సీలింగ్ ఫ్యాన్ కూడా చూడండి. భుజాల మీదికెక్కిన పిల్ల చెయ్యి చాపితే రెక్క ఎంత దూరంలో ఉంటుందో ముందే కొలవాలి.

అలంకారం సంగతి తల్లులకు చెబితే కోపం వస్తుంది, అయినా చెప్పాలి. అరచేతుల్లో పారాణి పూర్తిగా ఆరకుండా చేతుల మీద నిలబడితే జారుతుంది. బరువైన జడకుప్పెలు మొగ్గలో మొహానికి కొట్టుకుంటాయి. వడ్డాణం నడుములో గుచ్చుకుంటుంది. నైలాన్ సాక్సులు అసలొద్దు. కనీసం రెండు రిహార్సల్స్ పూర్తి డ్రెస్సులోనే జరగాలి.

మన ప్రోగ్రాంలు టైముకి మొదలవ్వవు. ఆరింటికి వామప్ చేసిన పిల్లలు, అతిథుల ప్రసంగాలు, శాలువాలు అన్నీ అయ్యాక తొమ్మిదింటికి ఎక్కుతారు. ఈ చలికి అప్పటికి ఒళ్లు బిగుసుకుపోయి ఉంటుంది. అందుకే డాన్సుకు పావుగంట ముందు మళ్లీ జాగింగ్, మణికట్లు, మడమలు, నడుము కదిలించడం తప్పనిసరి. మధ్యలో బిర్యానీ పెట్టకండి. ఇడ్లీయో అరటిపండో చాలు.

పిరమిడ్ రెండు అంతస్తులకు మించి వద్దు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు పెద్దవాళ్లు పట్టుకోవడానికి నిలబడాలి. ఫొటోలో కనిపిస్తారని వాళ్లను తప్పించకండి. నేను చూసినంతవరకు ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే పిల్లలు పడతారు. చప్పట్లు వినగానే దూకేస్తారు. దిగడాన్ని కూడా లెక్కపెట్టి నేర్పాలి.

వీటన్నిటికంటే ఒక మాట నాకు ముఖ్యం. "ఈరోజు వద్దు" అని చెప్పే హక్కు పిల్లకి ఉండాలి. సోవియట్ జిమ్నాస్ట్ యెలెనా ముఖినా 1978లో ప్రపంచ చాంపియన్. విరిగిన కాలు సరిగా మానకముందే థామస్ సాల్టో అనే కష్టమైన మొగ్గ సాధన చేస్తూ, 1980 జూలైలో, మాస్కో ఒలింపిక్స్‌కు రెండు వారాల ముందు మెడ విరగ్గొట్టుకుంది. అప్పటికి ఆమెకు 20 ఏళ్లు. 2006లో చనిపోయేదాకా కాళ్లూ చేతులూ ఆమె మాట వినలేదు. అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ 2021లో, టోక్యో ఒలింపిక్స్‌లో, గాలిలో తను ఎటు తిరుగుతున్నదీ తెలియడం లేదని టీమ్ ఫైనల్ మధ్యలో ఆగిపోయింది. 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. పోయినేడు మా పాప ఒకతి తెర వెనక నా కొంగు పట్టుకుని, "ఆంటీ, తిరిగాక నేల ఎక్కడుందో తెలీట్లేదు" అంది. వెంటనే మొగ్గ తీసేసి, దాని బదులు మోకాలి మీద కూర్చుని దీపం పట్టుకునే భంగిమ ఇచ్చాం. ఇలాంటి ప్రత్యామ్నాయం ప్రతి పిల్లకీ ముందే నేర్పి ఉంచండి, అప్పుడు అడగడానికి సిగ్గుపడదు. చివరి పది రోజుల్లో కొత్త విన్యాసం ఏదీ చేర్చకండి.

ఇంత చేసినా పడితే? మణికట్టు వాస్తే లాగొద్దు, మర్దన చేయొద్దు. మనవాళ్లు వెంటనే పుత్తూరు కట్టు గురించి మాట్లాడతారు. ఏ కట్టయినా ముందు ఎక్స్‌రే, డాక్టరు మాట. పిల్లల ఎముకల్లో ఇంకా పెరిగే భాగం దెబ్బతింటే తర్వాత చెయ్యి వంకర రావచ్చు. తలకు దెబ్బ తగిలితే ఆ రోజు మళ్లీ స్టేజీ ఎక్కించకండి. వాంతి, మత్తు, పెరిగే తలనొప్పి ఉంటే ఆసుపత్రికే. మెడ నొప్పి అన్నా, చేతులు కాళ్లు తిమ్మిరి అన్నా లేపి కూర్చోబెట్టొద్దు, నీళ్లు తాగించొద్దు. తల కదలకుండా రెండు వైపులా పట్టుకుని 108కి ఫోన్ చేయండి. ఆ రోజు అతిథుల కార్లన్నీ గేటు లోపలే ఆపుతారు కాబట్టి, అంబులెన్సు స్టేజీ దాకా వచ్చేంత దారి వదలమని సెక్యూరిటీకి మధ్యాహ్నమే చెప్పి, సాయంత్రం ఒకసారి వెళ్లి చూసుకోండి.